పొడవాటి స్నోబోర్డుకు హార్డ్ బూట్లా, సాఫ్ట్ బూట్లా? డబ్బు పెట్టే ముందు ఇవి చూసుకోండి

170 సెంటీమీటర్లు దాటిన బోర్డు చేతికొచ్చిందంటే వెంటనే వచ్చే డౌటు ఇదే: ఇంత పొడుగు బోర్డును తిప్పాలంటే గట్టి ప్లాస్టిక్ బూట్లు కావాలా, ఇప్పుడున్న మెత్తటి బూట్లతో పనైపోతుందా? ఎవరిని అడిగినా వాళ్లు వాడేదే కరెక్ట్ అంటారు. నేను రెండూ వాడాను, ఇప్పటికీ రెండూ వాడుతున్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తాను. ఏ బూట్లు కావాలో తేల్చేది బోర్డు పొడవు కాదు, దాని నడుము వెడల్పు. 185 సెంటీమీటర్ల రేసు బోర్డు, తాజా మెత్తటి మంచు కోసం చేసిన 185 సెంటీమీటర్ల పౌడర్ బోర్డు పక్కపక్కన నిలబెడితే ఎత్తు ఒకటే ఉంటుంది, కానీ ఒకటి హార్డ్ బూట్లు లేకుండా నడవదు, రెండోదానికి హార్డ్ బూట్లు తొడిగితే దాన్ని ఇబ్బంది పెట్టినట్టే.

అందుకని షాపుకి వెళ్లే ముందు ఇంట్లోనే కొన్ని కొలతలు తీసుకోండి.

మొదటి పని: టేపు పట్టుకోండి

బోర్డును నేలమీద పెట్టి మధ్యలో అన్నిటికన్నా సన్నగా ఉన్న చోట అడ్డంగా కొలవండి. అదే నడుము. తర్వాత ముందు బైండింగ్, అంటే బూటును బోర్డుకు పట్టి ఉంచేది, వచ్చే చోట, వెనక బైండింగ్ వచ్చే చోట కూడా కొలవండి, ఎందుకంటే మీ పాదం నిలబడేది నడుము మీద కాదు, అక్కడ. ఈ మూడు అంకెలూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి, కింద చెప్పే ప్రతిదానికీ ఇవే ఆధారం.

నడుము 18 నుంచి 21 సెంటీమీటర్ల మధ్య ఉంటే అది రేసు కోసమో, గట్టి మంచు మీద అంచుతో గీత గీసినట్టు మలుపులు తిరిగే కార్వింగ్ కోసమో చేసిన బోర్డు. దానికి హార్డ్ బూట్లే, ఇంకో ఆలోచన వద్దు. 25 దాటితే అది సాఫ్ట్ బూట్ల కోసం పుట్టిన బోర్డు. మధ్యలో 22 నుంచి 24 వరకు ఉన్నవాటితోనే అసలు తలనొప్పి, వాటి సంగతి కొంచెం ఆగి చెప్తాను.

వెడల్పు ఎందుకింత ముఖ్యమో అర్థం కావాలంటే మలుపులో ఏం జరుగుతుందో చూడాలి. పొడవాటి బోర్డుల అంచు వంపు ఒక పెద్ద వృత్తంలో ముక్కలా ఉంటుంది, అంటే సైడ్‌కట్ రేడియస్ ఎక్కువ. 14 మీటర్ల రేడియస్ ఉన్న బోర్డును 60 డిగ్రీలు వాల్చి ఎడ్జ్ మీద నిలబెడితే అది గీసే మలుపు రేడియస్ సగానికి, అంటే 7 మీటర్లకు తగ్గుతుంది. ఆ మలుపులో మీరూ అంతే వాలి, పడిపోకుండా నిలవాలంటే సుమారు గంటకు 40 కిలోమీటర్ల వేగం కావాలి, ఆ క్షణంలో మీ కాళ్ల మీద పడే బరువు మీ ఒంటి బరువుకు రెండింతలు. 75 కిలోల మనిషి 150 కిలోలు మోస్తున్నట్టు. ఆ బరువంతా ఆనేది సన్నటి స్టీలు అంచు మీద. బోర్డు ఎంత వెడల్పైతే ఆ అంచు మీ కాలి మధ్య నుంచి అంత దూరంగా ఉంటుంది, వాల్చిన బోర్డు మళ్లీ చదునుగా పడిపోకుండా పట్టి ఉంచడానికి చీలమండ అంత కష్టపడాలి.

సాఫ్ట్ బూట్లలో పాదాలు బోర్డుకు దాదాపు అడ్డంగా ఉంటాయి కాబట్టి వేళ్లతో నొక్కి, మడమతో నొక్కి ఆ పని చేస్తాం. వేళ్ల వైపు పిక్క కండరం, మడమ వైపు బైండింగ్ వెనక ఉండే హైబ్యాక్ సాయం చేస్తాయి. సన్నటి బోర్డు మీద పాదాలు దాదాపు ముందుకు తిరిగి ఉంటాయి, అప్పుడు బోర్డును వాల్చేది మోకాళ్లను పక్కకు తోయడం ద్వారా. ఆ తోపు బోర్డు దాకా చేరాలంటే పక్కకు వంగని బూటు కావాలి. సాఫ్ట్ బూటుకు పక్క నుంచి ఆసరా చాలా తక్కువ. అంత కోణంలో పెట్టిన, పట్టీలతో బిగించే స్ట్రాప్ బైండింగ్‌లో హైబ్యాక్ బోర్డు తోక వైపు చూస్తుంటుంది, మలుపులో మీకు ఆసరా కావలసిన వైపు ఏమీ ఉండదు. సన్నటి బోర్డు మీద సాఫ్ట్ బూట్లతో ప్రయత్నించినవాళ్లు బోర్డు మాట వినట్లేదని చెప్పేది ఇందుకే, బోర్డులో తప్పేమీ ఉండదు.

రెండో పని: బూటు ఎంత బయటికి వస్తుందో చూడండి

ఇది చాలామంది వదిలేస్తారు, నేనైతే అన్నిటికన్నా ఇదే ముందు చూస్తాను. పాదం బోర్డు దాటి బయటికి పొడుచుకొస్తే గట్టిగా వాలినప్పుడు బూటు మంచును తాకుతుంది. తాకిన మరుక్షణం ఎడ్జ్ మంచులోంచి లేచిపోతుంది, మనిషి కింద ఉంటాడు. నెమ్మదిగా జారడం కాదది, కాలి కింద నుంచి బోర్డు లాగేసినట్టు ఉంటుంది.

మీ దగ్గరున్న బూటును టేపుతో కొలవండి. సైజు నంబరు చూడొద్దు, బయటి పొడవు కొలవండి. 30 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. బోర్డుకు సూటిగా అడ్డంగా ఉంటే సున్నా అనుకుని, 26 సెంటీమీటర్ల వెడల్పు మీద దాన్ని 15 డిగ్రీల కోణంలో పెడితే అడ్డంగా 29 సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది, అంటే రెండు పక్కలా ఒకటిన్నర చొప్పున బయటికి. 30 డిగ్రీలకు తిప్పితే సరిగ్గా 26లో సర్దుకుంటుంది. అదే బూటు 20 సెంటీమీటర్ల వెడల్పులో ఇమడాలంటే లెక్క ప్రకారం 48 డిగ్రీలు. కానీ ఇది బూటు మధ్య గీతను పట్టి వేసిన లెక్క, బూటు మూలలు కూడా ఉంటాయి కాబట్టి నిజానికి 55 పైన పెట్టాల్సి వస్తుంది.

మరి ఎంత బయటికి వస్తే పర్వాలేదు? బూటు అడుగు బోర్డు ఎడ్జ్ కన్నా 3 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. ఒకటిన్నర సెంటీమీటరు బయటికి వస్తే బోర్డు 63 డిగ్రీలు వాలినప్పుడు బూటు మంచుకు తగులుతుంది. రెండు సెంటీమీటర్లు వస్తే 56 డిగ్రీలకే. గట్టి మంచు మీద మాట ఇది, మెత్తటి మంచులో ఎడ్జ్ లోపలికి దిగుతుంది కాబట్టి ఇంకా ముందే తగులుతుంది. మామూలుగా తిరిగేవాళ్లకు రెండు సెంటీమీటర్లు వచ్చినా ఇబ్బంది లేదు. చెయ్యి మంచుకు రాసుకునేంతగా వాలే అలవాటుంటే మాత్రం అర సెంటీమీటరు దాటనివ్వొద్దు. బయటికి వచ్చేది వేళ్ల వైపు ఎంతో మడమ వైపూ అంతే ఉండేలా బైండింగ్ జరుపుకోండి.

కింద కూర్చుని బోర్డుకు పక్క నుంచి ఒక స్కేలు తీసుకుని, దాని ఒక చివర ఎడ్జ్‌కు, ఇంకోచోట బూటు అంచుకు ఆనించి చూస్తే బూటు తగలకుండా ఎంత వాలొచ్చో కళ్ల ముందే కనబడుతుంది. రెండు నిమిషాల పని.

మూడో పని: మీరు తిరిగే మంచు ఏది?

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే జవాబు మీకే తెలుసు. పొద్దున్నే కొండ పైకి తీసుకెళ్లే లిఫ్టులు తెరిచే టైముకి వెళ్లి, యంత్రంతో చదును చేసిన వాలు మీద గీతలు గీసుకుంటూ దిగడమే మీ సంతోషమైతే హార్డ్ బూట్లు ఇచ్చే పట్టు ఇంకేదీ ఇవ్వదు. ఒలింపిక్స్‌లో 2002 నుంచి జరుగుతున్న ప్యారలల్ జెయింట్ స్లాలమ్‌లో అందరూ వేసుకునేవి అవే, కారణం గట్టి మంచు మీద ఆ పట్టే. తాజా పౌడర్, చెట్ల మధ్య దారులు, ఎత్తుపల్లాలు, మధ్యాహ్నానికి గుట్టలు గుట్టలుగా తయారయ్యే వాలు, ఇవి మీ రోజులో సగం ఉంటే సాఫ్ట్ బూట్లు. అక్కడ చీలమండ కదలాలి, ప్రతి చిన్న గుంటనూ అది మింగుతూ పోవాలి. హార్డ్ బూటు బయటి గట్టి ప్లాస్టిక్ షెల్‌లో ఆ గుంటలన్నీ నేరుగా మోకాలికి చేరతాయి.

నడక కూడా లెక్కేసుకోండి. బండి పెట్టిన చోటి నుంచి లిఫ్టు దాకా, మెట్లు, తడి సిమెంటు నేల. హార్డ్ బూట్లతో నడవడం కష్టం, అలవాటయ్యాక కూడా పెద్దగా తేలికవదు. ఒక సుఖం మాత్రం ఉంది, దీన్ని ఎవరూ ముందు చెప్పరు: ముందు పాదం 60 డిగ్రీలకు తిరిగి ఉండటం వల్ల లిఫ్టు దగ్గర ఒంటికాలితో తోసుకుంటూ వెళ్లేటప్పుడు మోకాలు మెలితిరగదు, లిఫ్టు కుర్చీలో కూర్చున్నప్పుడు బోర్డు నేరుగా ముందుకు ఉంటుంది, పక్కవాళ్లకు తగలదు.

దెబ్బల విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ రెండు రకాల బైండింగ్‌లలోనూ పడినప్పుడు కాలు విడిపోదు, స్కీ బైండింగ్‌లా ఊడిరాదు. సాఫ్ట్ బూట్లలో దెబ్బ చీలమండకు ఎక్కువ, అక్కడి తాలస్ అనే ఎముక పక్క భాగం విరగడాన్ని డాక్టర్లు స్నోబోర్డర్స్ ఫ్రాక్చర్ అనే అంటారు. హార్డ్ బూట్లు చీలమండను కాపాడి ఆ బరువును పైకి, ముంగాలికీ మోకాలికీ పంపుతాయి. పాత మోకాలి నొప్పి ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ముందు డాక్టరును అడగండి.

మధ్యలో ఉన్న బోర్డు అయితే

నడుము 22 నుంచి 24 ఉండి, పొడవు 170 పైన ఉందంటే రెండు రకాల బూట్లూ పడతాయి. ఇక్కడ మీ పాదం సైజే తేలుస్తుంది. చిన్న పాదాలవాళ్లు, అంటే పాదం పొడవును సెంటీమీటర్లలో చెప్పే మోండో సైజు 25 లోపు ఉన్నవాళ్లు గట్టి రకం సాఫ్ట్ బూట్లతో, రెండు పాదాలూ ముందుకు తిప్పుకుని, ముందు 35 వెనక 25 లాంటి కోణాలతో హాయిగా తిరగొచ్చు. 28 పైన ఉన్నవాళ్లకు సాఫ్ట్ బూటు బయటికి వచ్చేస్తుంది, కోణం ఇంకా పెంచితే ఇందాక చెప్పిన హైబ్యాక్ సమస్య మొదలు. వాళ్లు హార్డ్ బూట్లకు వెళ్లడమే మంచిది.

వెడల్పు బోర్డు మీద హార్డ్ బూట్లు వేసుకోవాలని ఉంటే వేసుకోవచ్చు, తప్పేం లేదు, కానీ 60 డిగ్రీలు పెట్టకండి. అంత తిప్పితే పాదం బోర్డు మధ్యలోనే ఉండిపోతుంది, అంచు దాకా చేరదు, ఒక ఎడ్జ్ నుంచి ఇంకో ఎడ్జ్‌కి మారేసరికి ఆలస్యం అవుతుంది. 40ల్లో పెట్టి, వేళ్లూ మడమా అంచుల దగ్గరికి వచ్చేలా చూడండి. అందులోనూ మెత్తటి షెల్ ఉన్నవి, వెనక స్ప్రింగు బిగించడానికి వీలున్నవి తీసుకోండి. ఆ స్ప్రింగు వల్ల ముంగాలు ముందుకు కొంత వంగుతుంది, మళ్లీ నెమ్మదిగా వెనక్కి వస్తుంది. నన్ను అడిగితే గట్టి షెల్‌తో లాక్ చేసుకుని తిరగడం కన్నా ఈ పద్ధతే రోజంతా మోకాళ్లకు హాయి.

నాలుగో పని: హార్డ్ బూటు సరిపోతుందో లేదో చూడటం

ఇక్కడ తొందరపడొద్దు. సాఫ్ట్ బూటు కొంచెం అటూఇటూ అయినా రోజు గడుస్తుంది, ప్లాస్టిక్ అలా ఊరుకోదు.

గోడకు మడమ ఆనించి నిలబడి, పొడవాటి వేలి కొస దాకా సెంటీమీటర్లలో కొలవండి. అదే మోండో సైజు. రెండు పాదాలూ కొలవండి, తేడా ఉంటుంది. షాపులో బూటు లోపలి లైనర్ బయటికి తీసేసి ఉత్త షెల్‌లో పాదం పెట్టండి, పల్చటి సాక్సుతో. వేళ్లు ముందు గోడకు తాకేదాకా జరిపి, మడమ వెనక ఎంత ఖాళీ ఉందో చేతి వేళ్లు దూర్చి చూడండి. ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటరు, అంటే సుమారు ఒక వేలు పట్టేంత ఉంటే బాగా పట్టి ఉంటుంది. రెండు సెంటీమీటర్ల దాకా ఉంటే సుఖంగా ఉంటుంది. అంతకు మించి ఉంటే ఆ షెల్ మీది కాదు, ఎంత తగ్గింపు ధరకు ఇచ్చినా వదిలేయండి.

తర్వాత లైనర్ పెట్టి తొడగండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తాకుతాయి, భయపడకండి. మోకాళ్లు వంచితే మడమ వెనక్కి సర్దుకుని వేళ్లు విడుదలవుతాయి. అలా అవ్వకపోతే చిన్నది. బకిల్స్ కిందివి మెల్లగా బిగించండి, పాదం పైభాగాన్ని నొక్కేస్తే తిమ్మిరి వస్తుంది. పట్టు ఇవ్వాల్సింది చీలమండ దగ్గరి బకిలూ, పైనున్న బకిలూ. ఇప్పుడు అరగంట అలాగే ఉండండి. కూర్చోండి, లేవండి, ఒక మోకాలు లోపలికి తోసి చూడండి. మొదటి ఐదు నిమిషాల్లో అన్ని బూట్లూ బావున్నట్టే ఉంటాయి. ఇరవయ్యో నిమిషంలో చీలమండ ఎముక పక్కన ఒక చిన్న చోట వేడిగా అనిపించడం మొదలవుతుంది చూడండి, రూపాయి బిళ్లంత చోటు, మంచు మీద రెండో గంటకల్లా అదే పుండవుతుంది. ఆ చోట్లో షెల్‌ను వేడి చేసి బయటికి నొక్కించొచ్చు, లైనర్‌ను కూడా వేడి చేసి కాలి ఆకారానికి తెప్పించొచ్చు. అందుకే కొనేది బూట్లు సరిచేసిచ్చే పని వచ్చినవాళ్ల దగ్గరైతే మంచిది.

ఇంట్లో పాత స్కీ బూట్లు ఉన్నాయి, వాటితో కానిచ్చేద్దాం అని చాలామందికి అనిపిస్తుంది. హార్డ్ బూట్లకు వాడే ప్లేట్ బైండింగ్‌లో అవి పట్టొచ్చు కూడా. కానీ స్కీ బూటు పక్కకు అసలు వంగదు, ముందుకు కూడా ఎక్కువ గట్టి, దాని మడమ వెనక్కి పొడుచుకొచ్చి ఉంటుంది. స్నోబోర్డు హార్డ్ బూటు మడమను లోపలికి చెక్కి ఉంచుతారు, మంచుకు తగలకుండా. ఒకటి రెండు రోజులు సరదాకి సరే, అలవాటు చేసుకోవద్దు.

సాఫ్ట్ బూట్లకు పరీక్ష సులువు. బిగించుకుని మునివేళ్ల మీద లేవండి. లోపల మడమ లేస్తోందంటే వద్దు. లైనర్ కొన్ని రోజుల్లో అణిగి బూటు వదులవుతుంది కాబట్టి కొత్తలో కొంచెం బిగుతుగానే ఉండాలి. పొడవాటి బోర్డుకు మెత్తటి బూటు తీసుకోకండి. బూటు ఎంత గట్టిదో చెప్పే, పది వరకు ఉండే ఫ్లెక్స్ లెక్కలో 8 అంతకు పైన చూడండి, ఒక్కో కంపెనీ లెక్క ఒక్కోలా ఉంటుంది కాబట్టి చేత్తో వంచి కూడా చూసుకోండి. ఒకే సైజులో బయటి పొడవు తక్కువగా ఉన్న మోడల్ దొరికితే అదే తీసుకోండి.

బైండింగ్ సంగతి

హార్డ్ బూటుకు ప్లేట్ బైండింగ్, సాఫ్ట్ బూటుకు స్ట్రాప్ బైండింగ్. ఒకదాంట్లో ఒకటి పెట్టకండి, జారిపోతుంది. అంటే బూట్లు మార్చడం అంటే బైండింగ్‌లూ మార్చడమే, బడ్జెట్ వేసుకునేటప్పుడు ఇది మర్చిపోయి తర్వాత టెన్షన్ పడేవాళ్లు చాలామంది. బోర్డులో రంధ్రాలు ఏ వరసలో ఉన్నాయో చూసి, బైండింగ్‌ను బోర్డుకు బిగించే డిస్క్ వాటికి సరిపోయేది వస్తోందో లేదో అడగండి. ప్లేట్ బైండింగ్‌లలో వేళ్ల దగ్గర లీవరు వంగి పెట్టుకునేవి ఉన్నాయి, మడమతో తొక్కితే టక్కున పట్టుకునే స్టెప్-ఇన్ రకం ఉంది. స్టెప్-ఇన్‌కు బూటు మడమ కూడా ఆ రకానిదే కావాలి. తొక్కే ముందు అడుగున ఇరుక్కున్న మంచు గీకేయాలి, రెండు పక్కలా పిన్నులు బయటికి వచ్చాయో లేదో ప్రతిసారీ కళ్లతో చూడాలి.

పాత హార్డ్ బూట్లు కొనేటప్పుడు

కొత్తవి దొరకడం కష్టం కాబట్టి చాలామంది సెకండ్‌హ్యాండ్‌కే వెళ్తారు. నేనూ వెళ్లాను. ఫొటోల్లో గీత కూడా లేని జత, లైనర్ కొత్తదానిలా ఉంది. మూడో రోజు దిగుతుండగా చీలమండ పక్కనున్న రివెట్ దగ్గర చిన్న చప్పుడు, చూస్తే షెల్ వెంట్రుకంత సన్నగా పగిలి ఉంది, సాయంత్రానికి ఆ పగులు వేలంత పొడవైంది. వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ ఈ ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, అటకమీద దాచి ఉంచినంత మాత్రాన కొత్తదనం ఉండదు. అందుకే తయారైన సంవత్సరం అడగండి, పదేళ్లు దాటితే వద్దనే చెప్తాను. రివెట్ల చుట్టూ, బకిల్స్ అడుగున, మడమ మూలల్లో లైటు వేసి చూడండి. ప్లాస్టిక్ రంగు మారి తెల్లటి గీతలు కనబడుతున్నా వదిలేయండి.

మొదటి రోజు

హార్డ్ బూట్లు ఎంచుకున్నారనుకుందాం. ముందు పాదం కోణం వెనక పాదం కన్నా 3 నుంచి 6 డిగ్రీలు ఎక్కువ పెట్టండి. సాఫ్ట్ బూట్లలో నిలబడే దాని కన్నా పాదాల మధ్య దూరం కొంచెం తగ్గించండి, సుమారు 48 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టొచ్చు, ఎత్తుకు తగ్గట్టు అటూఇటూ. ముందు బూటుకు వేళ్ల కింద, వెనక బూటుకు మడమ కింద కొంచెం ఎత్తు పెడితే మోకాళ్లు సహజంగా కలుస్తాయి. వెనక బూటు ముందుకు వంగి ఉండాలి, ముందు బూటు దానికన్నా నిటారుగా. ఇంట్లో కార్పెట్ మీద బోర్డు పెట్టి, రెండు బూట్లూ బిగించుకుని, కుంగి లేచి చూడండి. ఎక్కడైనా మోకాలు లాగుతుంటే కోణం తప్పు, మంచు మీద అది సర్దుకోదు.

వాలు మీద మొదటి రెండు మూడు గంటలు తేలికైన, వెడల్పైన, జనం లేని చోటే తిరగండి. పై బకిల్ ఒక గడి వదులుగా పెట్టుకోండి, లేకపోతే ముంగాలి ఎముక మీద నల్లగా కమిలిపోతుంది. పొడవాటి బోర్డును బలంగా తిప్పాలని చూడకండి, వాల్చి ఓపిగ్గా ఆగితే అదే తిరుగుతుంది, ఆ ఆగడమే మొదట్లో కష్టం, ఎందుకంటే మలుపు మొదలయ్యే ముందు బోర్డు కాసేపు నేరుగా కిందికి పరిగెడుతుంది.

సెట్టింగ్ మార్చాలనిపిస్తే ఒకసారికి ఒక్కటే మార్చండి. ఇప్పుడున్న కోణం దగ్గర బోర్డు మీద మార్కర్‌తో గీత పెట్టి, స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని వెళ్లండి. మొదటి రెండు రన్నుల తర్వాత ఒకసారి ఆగి, బైండింగ్ స్క్రూలన్నీ మళ్లీ బిగించండి, కొత్తగా పెట్టినవి కొంచెం వదులై ఉండొచ్చు.